అడిగి కొనాలి, ఆగి వాడాలి



గత నెల మాకు అందిన ఉత్తరాలలో ఒకటి ఒక తల్లి వ్రాసినది. విదేశంలో ఉద్యోగం చేస్తున్న ఆమె కుమారుడు సెలవులకు వస్తూ క్యామ్‌కార్డర్ కొని తెస్తానంటున్నాడట. ఈ చలికాలంలో కుటుంబమంతా కాశ్మీరు వెళ్లి, అక్కడి మంచును అందులో చిత్రించుకోవాలన్నది పిల్లల ముచ్చట. “ఒక నెల జీతమంత ఖరీదు పెడుతున్నాము. పరదేశపు వస్తువు మన ఇంట్లో పనిచేస్తుందా? అంతటి చలికి ఆగుతుందా? తెలిసినది చెప్పండి” అని ఆమె అడిగారు.

నహ్వు, సర్ఫు పాఠాలు చెప్పుకునే మమ్మల్ని యంత్రాల సంగతి అడగడమేమిటని కొందరు నవ్వుకోవచ్చు. అయితే 2007 జనవరిలో మా ఇంట సరిగ్గా ఇదే జరిగింది. విదేశీ క్యామ్‌కార్డర్ కొనడం, దానిని కాశ్మీరు చలిలోకి తీసుకుపోవడం, రెండు చోట్లా నష్టపోవడం మేము కళ్లారా చూశాము. నష్టపోయి నేర్చుకున్నది నలుగురికి చెప్పడం మంచిదే కనుక ఈ నెల శీర్షికను దానికే కేటాయిస్తున్నాము. ప్రాణుల చిత్రాలు తీయడం విషయంలో ఉలమాల మధ్య ఉన్న అభిప్రాయ భేదాన్ని ఇక్కడ ఎత్తుకోవడం లేదు. ఎవరు ఏ ఉలమా మాటను అనుసరిస్తారో ఆ మేరకే నడుచుకోవాలి.

మేము చదువుకున్న మదర్సాలో కాశ్మీరు నుండి వచ్చిన ఒక ఉస్తాద్ గారు ముప్పై ఏళ్లకు పైగా అరబీ వ్యాకరణం బోధించారు. వృద్ధాప్యంలో అనంతనాగ్ సమీపంలోని తమ స్వగ్రామానికి వెళ్లిపోయారు. ఎనభై దాటాయని, చూపు మందగించిందని, పాత శిష్యులను తలుచుకుంటున్నారని కబురు వచ్చింది. బక్రీదు సెలవులు కలిసివచ్చినందున బయలుదేరాలని నిశ్చయించుకున్నాము. మా ఆపా కుమారుడు తానూ వస్తానన్నాడు. “మామూ, వారి గొంతు రికార్డు చేసి పెట్టుకుందాం. మీ మదర్సా పిల్లలు కూడా వింటారు” అన్నాడు. ఆ మాట మాకు నచ్చింది.

ప్రయాణానికి వారం రోజులే ఉన్నది. విదేశీ వస్తువులు అమ్మే ఒక నగరపు వీధిలో అతడు పందొమ్మిది వేల రూపాయలకు మినీ డీవీ టేపు క్యామ్‌కార్డర్ కొని తెచ్చాడు. అదే నమూనాకు షోరూములో ఇంకా నాలుగైదు వేలు ఎక్కువట. బిల్లు లేదు. గ్యారంటీ కార్డు ఉన్నది గాని దానిపై తేదీ లేదు, ముద్ర లేదు. “ఇంటర్నేషనల్ పీసు, ప్రపంచంలో ఎక్కడైనా పనిచేస్తుంది” అని అంగడివాడు చెప్పాడట. మా మేనల్లుడు కెమెరా వెలుగుతున్నదా, జూమ్ కదులుతున్నదా అని మాత్రం చూసుకున్నాడు. అంతకు మించి ఏమి అడగాలో అతనికి గాని, మాకు గాని తెలియదు.

అడగవలసినవి ఏమిటో ఇప్పుడు చెబుతాము. మొదటిది టెలివిజన్ పద్ధతి. మన దేశంలోను, దుబాయిలోను వాడుతూ వచ్చిన పద్ధతి పేరు పాల్. అందులో చిత్రం 625 గీతలతో, సెకనుకు 25 చట్రాలుగా ఏర్పడుతుంది. అమెరికా, కెనడా, జపాను దేశాలలో వాడుతూ వచ్చినది ఎన్‌టిఎస్‌సి. అందులో 525 గీతలు, సెకనుకు దాదాపు 30 చట్రాలు. ఒక పద్ధతిలో తీసిన టేపును రెండవ పద్ధతి టీవీలో వేస్తే బొమ్మ రంగులు పోయి నలుపు తెలుపులో రావచ్చు, పైకీ కిందికీ దొర్లుతూ ఉండవచ్చు. అప్పటి కొత్త టీవీలలో కొన్ని రెండింటినీ చూపేవి, మన ఇళ్లలోని పాత టీవీలు చాలావరకు చూపేవి కావు. అంతేకాక, మన కరెంటు 50 హెర్ట్‌జ్‌ది. ఎన్‌టిఎస్‌సి కెమెరాతో ట్యూబ్‌లైటు కింద తీస్తే చిత్రం మినుకు మినుకుమనే అవకాశం ఉన్నది. కనుక ఏ దేశంలో కొన్నా “ఇది పాలా, ఎన్‌టిఎస్‌సియా?” అన్నదే మొదటి ప్రశ్న కావాలి. ఆ పేరు సాధారణంగా పెట్టె మీద గాని, కెమెరా అడుగున గాని అచ్చు వేసి ఉంటుంది.

రెండవది ఛార్జరు. దానిపై 100 నుండి 240 వోల్టుల వరకు అని ఉంటే మన కరెంటుకు భయం లేదు, పిన్నులకు తగిన అడాప్టరు చాలు. 110 లేదా 120 వోల్టులు మాత్రమే వ్రాసి ఉంటే నేరుగా ప్లగ్గులో పెట్టరాదు. మూడవది భాష. జపాను దేశీయుల కోసం తయారైన కొన్ని నమూనాలలో మెనూ జపాను భాషలోనే ఉంటుంది. నాలుగవది జూమ్. పెట్టె మీద పెద్ద అక్షరాలతో వేసే వందల అంకె డిజిటల్ జూమ్‌ది, అది ఉన్న బొమ్మను సాగదీసి చూపడమే. ఆప్టికల్ జూమ్ ఎంత అన్నదే చూసుకోవాలి. అయిదవది గ్యారంటీ. ఒక దేశంలో ఇచ్చిన గ్యారంటీ మరొక దేశంలో చెల్లుతుందని అనుకోరాదు. పెట్టె మీది, కెమెరా మీది, కార్డు మీది క్రమ సంఖ్యలు ఒక్కటేనా అని సరిచూసుకుని, తేదీతో కూడిన బిల్లు అడిగి తీసుకోవాలి. చివరగా, ఒక క్యాసెట్టు వెంట తీసుకుపోయి, అంగడిలోనే పది నిమిషాలు రికార్డు చేసి, వెనక్కి తిప్పి బొమ్మను, శబ్దాన్ని పరీక్షించాలి.

విదేశం నుండి తెచ్చుకునేవారికి మరో మాట. సుంకం కట్టవలసిన విలువ ఉంటే విమానాశ్రయంలో చెప్పి కట్టి, రసీదు దాచుకోవాలి. ఇక్కడి నుండి కెమెరా వెంట తీసుకుని విదేశం వెళ్లేవారు బయలుదేరేటప్పుడే కస్టమ్స్ అధికారుల వద్ద ఎగుమతి ధ్రువపత్రం తీసుకుంటే, తిరిగి వచ్చినప్పుడు అది కొత్తగా కొన్నదేమోనన్న వాదన ఉండదు. మీ వస్తువును ఇతరుల సామానులో పెట్టి పంపించవద్దు. హజ్ నుండి తిరిగివచ్చే పెద్దవారికి ఇటువంటి బరువులు అప్పగించడం మన ఇళ్లలో అలవాటైపోయింది. కస్టమ్స్ వద్ద జవాబు చెప్పుకోవలసింది వారే కదా!

ఇక ప్రయాణం. విజయవాడ నుండి రైలులో జమ్ము చేరి, అక్కడి నుండి సుమోలో బయలుదేరాము. మంచు కారణంగా బనిహాల్ వద్ద ఒక రాత్రి ఆగవలసి వచ్చింది. జవహర్ సొరంగం దాటేసరికి రెండు వైపులా నేల తెల్లగా ఉన్నది. మా మేనల్లుడు వెంటనే కెమెరా తీయబోగా డ్రైవరు వారించాడు. సొరంగాల వద్ద, వంతెనల వద్ద, సైనిక శిబిరాల వద్ద చిత్రీకరణ నిషిద్ధం. కాశ్మీరు వెళ్లేవారు ఈ సంగతి మరువరాదు.

డిసెంబరు 21 నుండి నలభై రోజుల కాలాన్ని కాశ్మీరీలు చిల్లయి కలాన్ అంటారు. ఏడాదిలో అన్నిటికంటే గట్టి చలి అప్పుడే. తర్వాత ఇరవై రోజులు చిల్లయి ఖుర్ద్, ఆపై పది రోజులు చిల్లయి బచ్చా. మేము చేరింది చిల్లయి కలాన్ నడిమధ్యలో. రాత్రివేళ సున్నాకు నాలుగైదు డిగ్రీలు దిగువన ఉన్నది. క్యామ్‌కార్డర్ల వెంట వచ్చే పుస్తకాలలో సాధారణంగా 0 నుండి 40 డిగ్రీల మధ్య వాడమని వ్రాసి ఉంటుంది. మేము ఆ పుస్తకం తెరిచి చూడనే లేదు.

మరునాటి ఉదయం మా మేనల్లుడు మంచులో నిలబడి చెట్లను, ఇళ్ల కప్పులను చిత్రిస్తూ దాదాపు గంటసేపు గడిపాడు. గంటన్నర వస్తుందన్న బ్యాటరీ అరగంటకే అయిపోయింది. లిథియం అయాన్ బ్యాటరీలో విద్యుత్తును పుట్టించే రసాయన చర్య చలికి మందగిస్తుంది. అందుకే నిండా ఛార్జి చేసినది కూడా ఖాళీ అయినట్లు చూపుతుంది. వెచ్చబడితే దానిలో మళ్లీ కొంత శక్తి కనిపిస్తుంది. ఇది తెలియక అతడు బ్యాటరీ నకిలీదని అంగడివాణ్ణి తిట్టుకున్నాడు. ఆ ఒక్క విషయంలో అంగడివాడు నిర్దోషి.

ఇంతలో ఉస్తాద్ గారి మనుమడు వచ్చి, “దాదాజాన్ ఇప్పుడు కులాసాగా ఉన్నారు, రండి” అని పిలిచాడు. కాశ్మీరు ఇళ్లలో హమామ్ అనే గది ఉంటుంది. నేలపై రాతి పలకలు పరచి, వాటి కింద కట్టెలు మండిస్తారు. ఆ వెచ్చదనంలోనే పెద్దవారు పగలంతా కూర్చుంటారు. మేము లోపలికి వెళ్లి సలాము చేయగానే ఉస్తాద్ గారు గొంతును బట్టి మమ్మల్ని గుర్తుపట్టారు. పాతికేళ్ల క్రితం తరగతిలో మేము కూర్చునే చోటు కూడా చెప్పారు. రికార్డు చేసుకోవడానికి అనుమతి అడిగాము. “నా ముఖం దేనికి నాయనా, మాట చాలు” అన్నారు. కెమెరాను వారి చేతుల మీదికి, ముందున్న పాత పుస్తకం మీదికి తిప్పి పెట్టాలని అనుకున్నాము.

మా మేనల్లుడు మరో బ్యాటరీ వేసి మీట నొక్కాడు. కటకం అంతా ఆవిరి పట్టినట్లు తెల్లగా ఉన్నది. తెరపై నీటిబొట్టు గుర్తు మెరుస్తున్నది. క్యాసెట్టు కదలలేదు. అతడు పైగుడ్డతో కటకం తుడిచాడు, మళ్లీ తెల్లబడింది. జరిగింది ఇది. గంటసేపు చలిలో గడ్డకట్టినట్లున్న కెమెరాను ఒక్కసారిగా వెచ్చని గదిలోకి తెచ్చాము. చల్లని నీళ్ల గ్లాసు బయట చెమ్మ పట్టినట్లే, గదిలోని తేమ కెమెరా మీద, లోపలి భాగాల మీద నీరై చేరింది. టేపు ఆడే డ్రమ్ము తడిసి ఉంటే టేపు దానికి అంటుకుని తెగవచ్చు. అందుకే యంత్రం తనకు తానే ఆగిపోతుంది. అది చెడిపోవడం కాదు, చెడిపోకుండా కాపాడుకోవడం.

తొందరలో అతడు కెమెరాను వేడి రాతి మీద పెట్టబోయాడు. ఉస్తాద్ గారి మనుమడు చేయి పట్టి ఆపాడు. “వద్దు భాయ్‌జాన్, ఉన్నట్టుండి వేడి తగిలితే అద్దమే పాడవుతుంది. క్యాసెట్టు మూత తెరిచి ఓ పక్కన పెట్టండి. గంట పైన పడుతుంది” అన్నాడు. శ్రీనగర్‌లో పెళ్లి వీడియోలు తీసేవారి దగ్గర పనిచేసిన పిల్లవాడట.

ఆ గంటలోనే ఉస్తాద్ గారు తమ బాల్యం చెప్పారు. పద్నాలుగేళ్ల వయసులో చదువు కోసం ఇల్లు విడిచిన రోజును, తల్లి అక్రోటు కాయలు మూటగట్టి నడుముకు కట్టడాన్ని, బనిహాల్ కనుమ దాటుతూ వెనక్కి తిరిగి చూస్తే లోయ అంతా పొగమంచులో మునిగి ఊరు కనిపించకపోవడాన్ని చెప్పారు. ఆ తల్లిని మళ్లీ చూడలేదని చెబుతూ కొంతసేపు మాట ఆపేశారు. మేము వింటున్నాము. కెమెరా పక్కన మూత తెరుచుకుని ఉన్నది. అది ఆరే వేళకు ఉస్తాద్ గారు అలసి నిద్రపోయారు.

రెండవ రోజు మనుమడు చెప్పినట్లు చేశాము. కెమెరాను బయటి చల్లని వసారాలోనే గాలి చొరని ప్లాస్టిక్ సంచిలో పెట్టి, లోపలి గాలి వీలైనంత పోగొట్టి, మూతి గట్టిగా బిగించి, అప్పుడు ఇంట్లోకి తెచ్చాము. చెమ్మ అంతా సంచి పైననే పట్టింది, కెమెరా పొడిగా ఉండిపోయింది. సంచి విప్పడానికి గంటన్నర ఆగాము. ఫజ్ర్ తర్వాత తెచ్చిపెట్టినందున ఉస్తాద్ గారు చాయ్ త్రాగి కూర్చునేసరికి కెమెరా సిద్ధంగా ఉన్నది. ఆ రోజు యాభై నిమిషాలు మాట్లాడారు. వ్యాకరణం గురించి, తమ ఉస్తాదుల గురించి, పిల్లలను కొట్టకుండా ఎలా చదివించాలన్న దాని గురించి చెప్పారు. బనిహాల్ సంగతి మాత్రం మళ్లీ ఎత్తలేదు. తల్లి జ్ఞాపకంతో కంటతడి పెట్టిన పెద్దమనిషిని “నిన్నటిది మళ్లీ చెప్పండి” అని అడగడానికి మాకు నోరు రాలేదు.

చలి ప్రదేశాలకు వెళ్లేవారు గుర్తుంచుకోవలసిన మిగతా విషయాలను క్లుప్తంగా చెబుతాము. కనీసం రెండు బ్యాటరీలు ఎక్కువగా ఉంచుకుని, వాటిని లోపలి జేబులో, ఒంటి వెచ్చదనం తగిలేటట్లు పెట్టుకోవాలి. కాశ్మీరీలు ఫెరన్ లోపల కాంగ్డీ, అంటే నిప్పుల కుంపటి పట్టుకుంటారు. దాని దగ్గర మాత్రం బ్యాటరీ ఉంచరాదు, మితిమీరిన వేడి లిథియం బ్యాటరీకి ప్రమాదకరం. గడ్డకట్టే చలిలో ఉన్న బ్యాటరీని వెంటనే ఛార్జికి పెట్టవద్దు, గది వెచ్చదనానికి వచ్చిన తర్వాతే పెట్టాలి. చలికాలంలో అక్కడ కరెంటు కోతలు ఎక్కువ కనుక ఉన్నప్పుడే ఛార్జి చేసుకోవాలి. చలికి ఎల్‌సిడి తెర మందగిస్తుంది, బ్యాటరీని కూడా తింటుంది. దానిని మూసి, కంటికి ఆనించుకునే చిన్న కిటికీ గుండా చూడటం మేలు. కటకం మీద పడిన మంచును నోటితో ఊదితే ఊపిరిలోని తేమ దానిపై గడ్డకడుతుంది. మెత్తని బ్రష్‌తో దులపాలి.

మంచు తెల్లగా ఉంటుంది గాని, కెమెరా దానిని బూడిద రంగుగా చూపుతుంది. కాంతి ఎక్కువైందనుకుని యంత్రం తనంతట తాను వెలుతురు తగ్గించడమే కారణం. మనుషుల ముఖాలు నల్లబడతాయి. చాలా కెమెరాలలో సముద్రతీరానికి, మంచుకు ఉద్దేశించిన ప్రత్యేక అమరిక ఉంటుంది. లేకపోతే వెలుతురును చేతితో కొంత పెంచుకోవాలి. ఇక హార్డ్ డిస్కు మీద రికార్డు చేసే రకం కెమెరాలు వాడేవారు ఎత్తును కూడా చూసుకోవాలి. 3,000 మీటర్లకు పైన వాడరాదని కొన్నిటి పుస్తకాలలో స్పష్టంగా వ్రాసి ఉన్నది. పైకి పోయినకొద్దీ గాలి పలుచబడి, డిస్కును చదివే భాగం సరిగా తేలదు. గుల్‌మర్గ్ పట్టణం దాదాపు 2,650 మీటర్ల ఎత్తున ఉన్నది కనుక ఫరవాలేదు గాని, అక్కడి గొండోలా రెండవ దశ ఆ హద్దును దాటుతుంది. లేహ్ పట్టణమే 3,500 మీటర్ల ఎత్తున ఉన్నది.

ఇంటికి తిరిగివచ్చిన తర్వాత మరో సంగతి బయటపడింది. మా ఆపా ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి టీవీకి తీగ కలిపితే, బొమ్మ నలుపు తెలుపులో దొర్లుతున్నది. కెమెరా ఎన్‌టిఎస్‌సిది. చివరకు నగరంలో ఒక వీడియో నిపుణుని చేత పాల్ పద్ధతిలోకి మార్పించి డీవీడీ చేయించుకున్నాము. మా మేనల్లుడు అంగడికి పోయి అడిగితే “మీరు అడగలేదు కదా” అన్నాడట.

ఈ జవాబు మీద మేము కొంత మాట్లాడవలసి ఉన్నది. కొనేవాడు అడగలేదన్నంత మాత్రాన, తెలిసి దాచినవాడి బాధ్యత తీరిపోదు. సరుకులోని లోపాన్ని దాచి అమ్మినప్పుడు దానిని తిరిగి ఇచ్చే హక్కు కొన్నవాడికి ఉంటుంది. ఫిఖ్‌హ్ గ్రంథాలలో దీనిని ఖియారుల్ ఐబ్ అంటారు. ప్రవక్త (స) బజారులో ధాన్యపు రాశిలోకి చేయి పెట్టి చూడగా లోపల తడి తగిలిన సంఘటన మీరు ఎరిగినదే. వాన వల్ల తడిసిందని అమ్మేవాడు చెబితే, ఆ తడిసిన భాగాన్ని జనులకు కనిపించేటట్లు పైన ఎందుకు ఉంచలేదని వారు ప్రశ్నించారు. మన దేశంలో ఏ టీవీకి పనికివస్తుందో తెలిసి కూడా “ప్రపంచంలో ఎక్కడైనా పనిచేస్తుంది” అనడం ఆ తడిని రాశి కింద దాచడమే. అయితే బిల్లు లేనందున మా వాడికి ఆ హక్కును రాబట్టుకునే దారి లేకపోయింది. తక్కువ ధరకు ఆశపడి బిల్లు వదులుకున్న తప్పు మనది కూడా.

కథ ఇక్కడితో ముగియలేదు. కొన్ని నెలలకు మా మేనల్లుడు ఆ కెమెరాను అమ్మదలచాడు. కొనడానికి వచ్చిన వ్యక్తికి దాని లోపం తెలియదు. “మామూ, అతడు అడగకపోతే నేను చెప్పాలా?” అన్నాడు. అంగడివాడు నీతో అన్న మాట ఏమిటో గుర్తు తెచ్చుకోమన్నాము. కొంతసేపు మౌనంగా ఉండి, వెళ్లి అన్నీ చెప్పాడు. ఎన్‌టిఎస్‌సి అనీ, బిల్లు లేదనీ, ఒకసారి లోపల చెమ్మ పట్టిందనీ చెప్పాడు. ఆ వ్యక్తి కొనలేదు. మరి రెండు నెలలకు, అమెరికాలో ఉన్న అన్న వద్దకు వెళ్తున్న ఒకతను పదకొండు వేలకు తీసుకున్నాడు. అతనికి ఎన్‌టిఎస్‌సి లోపం కాదు, అవసరమే. ఎనిమిది వేలు పోయాయి. మా వాడు ఆ ఎనిమిది వేల గురించి ఇంతవరకు విచారించగా మేము వినలేదు.

కనుక ఉత్తరం వ్రాసిన సోదరికి మా జవాబు ఇది. మీ అబ్బాయిని పాల్ కెమెరాయే, బిల్లుతో సహా తెమ్మనండి. కాశ్మీరుకు సంకోచం లేకుండా తీసుకుపోండి. రెండు బ్యాటరీలు, నాలుగు ప్లాస్టిక్ సంచులు మరువకండి. బయటి నుండి లోపలికి వచ్చిన ప్రతిసారీ గంటన్నర ఆగండి. ఆ సమయంలో పెద్దవారు ఏదైనా చెబుతూ ఉంటే యంత్రం కోసం ఎదురుచూడక చెవులతో వినండి. ఇంటికి వచ్చాక బ్యాటరీ, క్యాసెట్టు తీసివేసి, చెమ్మను పీల్చే సిలికా జెల్ పొట్లంతో పాటు డబ్బాలో భద్రపరచండి. మన కోస్తా గాలిలో తేమకు కటకం మీద బూజు పడుతుంది.

రంజాను నెలకు కొద్ది రోజుల ముందు ఉస్తాద్ గారు పరమపదించారని ఫోను వచ్చింది. ఇన్నా లిల్లాహి వ ఇన్నా ఇలైహి రాజిఊన్. డీవీడీ ప్రతి ఒకటి వారి మనుమడికి పంపాము. మరొకటి మా మదర్సాలో ఉన్నది. పిల్లలు దానిలో రెండు ముడతలు పడిన చేతులను, ఒక పాత పుస్తకాన్ని చూస్తూ వారి గొంతు వింటారు. బనిహాల్ కనుమ సంగతి దానిలో లేదు. అది అడిగినవారికి మేము నోటితో చెబుతున్నాము.